ముప్పమ్మ వదులుకున్న శుక్రవారం

అనగనగా, వారానికి ఏడు రోజులున్నా మూడు రోజులే కొలువు తీరే రాజ్యం ఒకటి ఉండేది. సోమవారం బాటల అధికారి బేతనది. బుధవారం కాలువల అధికారి కొమ్మనది. శుక్రవారం వైద్యురాలు ముప్పమ్మది. ఒకరి రోజున మరొకరు కొలువు గడప తొక్కకూడదు. అది తాతలనాటి మర్యాదట!

ఆ ఏడు పల్లపు వాడను చలిజ్వరం పట్టుకుంది. బట్టలుతికే పోలక్క కూతురు చిట్టికి రెండుసార్లు వచ్చి తగ్గింది. మూడోసారి వస్తే పిల్ల దక్కడం కష్టమని ముప్పమ్మకు తెలుసు. ఆమెకు తిండి సయించలేదు. కషాయం ఇచ్చి వస్తూ, వాడ చివర దోమలు ముసిరిన గుంటలను చూసేది. ఇంటికొచ్చి మళ్ళీ కషాయమే కాచేది.

ఉండబట్టలేక ఒక ఆదివారం, ఆ గుంటలు పూడ్చమని అడగడానికి బేతన ఇంటికి వెళ్ళింది. బాట కోసం మట్టి తీసిన గుంటలు తనవేననీ, అందులోని నీళ్ళు తనవి కావనీ అన్నాడతను. అటునుంచి అటే కొమ్మన దగ్గరకు పరుగెత్తింది. నీళ్ళు తన కాలువవేననీ, గుంటలు తనవి కావనీ అతనన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరి ఇళ్ళూ మెరక మీద ఉన్నాయి, అంతే.

ఆ సాయంత్రమే చిట్టికి మళ్ళీ ఒళ్ళు కాలింది. శుక్రవారం రాజుగారికి చెబుతానని ముప్పమ్మ సర్దిచెప్పబోయింది.

"జొరానికి వారాలు తెలవవు గదమ్మా. మా పిల్ల శుక్రారం దాకా ఆగుద్దా?" అంది పోలక్క.

ముప్పమ్మకు సిగ్గేసింది. జ్వరం నాది, గుంటలు నావి కావని తనూ ఇన్నాళ్ళు ఊరుకుంది కదా!

మర్నాడు కొమ్మనను బతిమాలి వెంటబెట్టుకుని, బేతన కొలువులోకి నేరుగా నడిచింది. ఇది నీ రోజు కాదే అన్నాడు రాజు.

"ఇకమీదట నాకు ఏ రోజూ వద్దు మహారాజా. నా శుక్రవారం వదులుకుంటున్నాను. మమ్మల్ని ముగ్గురినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టండి."

రాజు ముగ్గురినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి, జరిగిందంతా విన్నాడు.

"గుంటలు బేతనవి, నీళ్ళు కొమ్మనవి. మరి ఆ పిల్ల ఎవరిది?" అన్నాడు.

పొద్దు వాలేలోగా కొమ్మన తూము మూయించాడు. బేతన గుంటలు పూడ్పించి, చిట్టిని మెరక మీది తన ఇంటికి మోయించాడు. ముప్పమ్మ మంచం పక్కనుంచి కదల్లేదు. మూడోనాడు చెమట పట్టి, పిల్ల గంజి అడిగింది. పోలక్క భోరున ఏడ్చింది.

ఎవరి పని వారు ఎంత చక్కగా చేసినా, కలిసి చేయనిదే పల్లంలో ఉన్నవారికి మేలు చేరదు.