బండి మీద ఎవరు?

మోతుబరి వీరభద్రరావు మోటారుసైకిల్ లైటు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టేది. "కాస్త కిందికి దించుతానయ్యా" అని మెకానిక్ మస్తాన్ ఎన్నిసార్లు అడిగినా వినలేదు. ఒకనాటి సాయంత్రం ఆ వెలుగుకి కళ్లు చెదిరి, సైకిలు మీద ఎదురొస్తున్న ఏసోబు కాలవలో పడి చచ్చిపోయాడు.

"తాగి పడ్డాడు" అని పంచాయితీలో తేల్చేశాడు వీరభద్రరావు. ఏసోబు చుక్క ముట్టడని మస్తాన్‌కి తెలుసు. కడుపు మండినా వినయంగానే అన్నాడు.

"అయ్యా, మీ లైటులో తప్పు లేదని ఊరికి చూపిద్దాం. మీరు ఎదురుగా నిలబడి, బండి మీద ఎవరున్నారో చెప్తే చాలు."

మునిమాపువేళ ఊరి జనం చూస్తుండగా కాలవగట్టు మీద బండి లైటు వెలిగింది. వీరభద్రరావు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వేగా, మస్తానూ!"

"నేనిక్కడున్నానయ్యా" అని పక్కనుంచే పలికాడు మస్తాన్.

లైటు ఆరింది. బండి మీద ఏసోబు పెళ్లాం సారమ్మ కూర్చుని ఉంది.

"తమరు తాగలేదు కదయ్యా?" మెల్లిగా అడిగాడు మస్తాన్.

వీరభద్రరావు తల వంచుకున్నాడు. "ఏసోబు తాగలేదు. లైటు దించరా" అన్నాడు చివరికి.

సారమ్మ బండి దిగి, గట్టు మీదే కూలబడి ఏడ్చింది. మస్తాన్ రెండు స్క్రూలు తిప్పాడు. అంతే, పని అయిపోయింది. అంత చిన్న పనికి ఒక మనిషి పోయాడనుకుంటూ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.