చిల్లుల ఆకు

ఒక రాజుకు మూడు రోజులకోసారి జ్వరం వచ్చేది. కొండ మీది ముసలమ్మ ఏదో ఆకు కషాయం కాచి పంపితే తగ్గేది. ఒక వానాకాలం ముసలమ్మ కాలు జారి మంచాన పడింది. ఇక మందెవరిస్తారని రాజుకు బెంగ పట్టుకుంది.

ఒక పండితుణ్ణి పిలిచి, "ఆ ఆకులో నన్ను బతికించేది ఏదో, దాన్ని ఒక్కదాన్నే విడదీసి చూపించు," అన్నాడు.

పండితుడికి ఇలాంటి పనంటే పంచప్రాణాలు. కొండ మొక్కను కోటలో నాటించాడు. ఒక్క పురుగైనా వాలకుండా నలుగురు కాపలావాళ్లను పెట్టాడు. ఆకులు పట్టుబట్టలా నున్నగా పెరిగాయి.

వాటిని ఎండబెట్టి, నూరి, సారాయిలో నానబెట్టి వడగట్టాడు. పసరు వేరు చేశాడు, జిగురు వేరు చేశాడు, వాసన నూనె వేరు చేశాడు. ఒక్కో సీసా రాజు చేత తాగించాడు. జ్వరం వీసమెత్తు తగ్గలేదు. సీసాలు అరవై అయ్యేసరికి రాజు ఎముకల గూడయ్యాడు. తన చేతుల్లోనే పోతాడేమోనని పండితుడికి అన్నం సయించలేదు.

చివరికి గర్వం చంపుకుని, గుప్పెడు ఆకులతో కొండెక్కాడు.

ముసలమ్మ ఒక ఆకును వెలుతురుకు పట్టి చూసింది. "చిల్లులేవి నాయనా?"

"పురుగు ముట్టనిస్తానా అవ్వా! కాపలా పెట్టాగా."

ముసలమ్మ బోసినోటితో పకపకా నవ్వింది. "నేను పురుగు కొరికిన ఆకే కోస్తాను. మా అమ్మా అంతే. కొరికితేనే ఆకుకు రోషమొచ్చి చేదు పుడుతుంది. ఆ చేదే మందు."

పండితుడు ముందు సిగ్గుపడ్డాడు, దిగి వచ్చేదారిలో తనూ నవ్వుకున్నాడు. వెంటనే కాపలా తీయించాడు. నెల తిరక్కుండా ఆకులన్నీ జల్లెడలయ్యాయి. ఈసారి సారం ఆరబెడితే గిన్నె అడుగున చిటికెడు తెల్లటి పలుకులు మిగిలాయి. ఒకటి నాలుక మీద వేసుకుంటే చేదుకు కళ్ల నీళ్లు తిరిగాయి. అంత సంతోషం అతను పుట్టి ఎరగడు.

మూడు మోతాదులకు రాజు లేచి కూర్చున్నాడు. ఆకలి కూడా వేసింది.

"ఈ పలుకులకు ఎవరి పేరు పెడదాం? నాదా, నీదా?" అన్నాడు హుషారుగా.

"పురుగు పేరు పెట్టాలి ప్రభూ," అని పండితుడు జరిగిందంతా చెప్పాడు.

రాజు మంత్రిని దగ్గరికి పిలిచి మెల్లగా అడిగాడు.

"నన్ను వెక్కిరిస్తూ పాటలు కట్టాడని పొలిమేర దాటించామే, ఆ కవి... ఇప్పుడెక్కడున్నాడు?"