బెల్లం పొయ్యికి ఊపిరి నేర్పిన పుట్ట

అనగనగా ఒక అడవిలో, నల్లరాళ్ళ వాగు పక్కన, గుబురయ్య అనే ఎలుగుబంటి బెల్లం వండేవాడు. ఆ అడవిలో బెల్లం పొయ్యిలు పన్నెండు ఉండేవి. అన్నిటిలోకీ గుబురయ్యదే పెద్దది. వాళ్ళ తాత కట్టిన పొయ్యి అది. దాని మీది పెనం ఎంత పెద్దదంటే, అందులో ఇద్దరు గుబురయ్యలు కాళ్ళు బార్లా చాపుకుని పడుకోవచ్చు.

చెరకు కోతలు మొదలైతే చాలు, అక్కడ ఒకటే సందడి. దున్నలు గానుగ తిప్పేవి. కుందేళ్ళు చెరకు గడలు అందించేవి. ముంగిస ముత్తమ్మ పొయ్యి నోట్లో కట్టెలు ఎగదోసేది. రసం కుతకుత ఉడికి, పాకం తేనె రంగుకు తిరిగే వేళకు గుబురయ్య తెడ్డు పట్టుకుని నిలబడేవాడు. ఆ తెడ్డు ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అంతా బాగానే ఉండేది గాని, ఆ పొయ్యికి ఆకలెక్కువ. ఎన్ని కట్టెలు మింగినా ఇంకా కావాలనేది. సగం మంట పెనం కింద ఉంటే, సగం మంట పొయ్యి నోట్లోంచి బయటికి ఎగదన్ని ముత్తమ్మ మీసాలు మాడ్చేది. నల్లటి పొగ కొండంత ఎత్తున లేచేది.

"అయ్యా, మంటంతా బయటికే పోతోందయ్యా," అనేది ముత్తమ్మ.

"పెద్ద పొయ్యి అన్నాక పెద్ద మంటే ఉంటుంది. ఇంకో మోపు వెయ్యి," అనేవాడు గుబురయ్య.

అలా మోపు మీద మోపు వేసీ వేసీ, వాగుకు ఇవతలి కొండ బోడిగుండు అయిపోయింది. అప్పుడు ఆ అడవిని ఏలే ఏనుగు రాణి మేఘవతి, పన్నెండు పొయ్యిల వాళ్ళనూ పిలిపించింది.

"ఎండాకాలంలో వచ్చే మొదటి పున్నమి నుంచి పచ్చని చెట్టు మీద గొడ్డలి పడకూడదు," అంది రాణి.

"మరి మా పొయ్యిలు ఎలా వెలగాలి తల్లీ? వాటిని నమ్ముకున్న వాళ్ళంతా ఏం తిని బతకాలి?" అని అడిగాడు అడవిపంది కోరయ్య.

"పొయ్యిలు ఆర్పమనడం లేదు, బాగుచేసుకోమంటున్నాను," అంది రాణి. "వేడి ఎక్కడ వృథా పోతోందో చూసి చెప్పడానికి తెలిసిన వాళ్ళను పంపిస్తాను. మరమ్మతుకు కావలసిన రాయి, మట్టి సగం మా కొట్టు నుంచి ఇస్తాను. మోయడానికి ఏనుగులను ఇస్తాను. మిగతా సగం మీరు పెట్టుకోండి. నేను అడిగేవి రెండే. పొయ్యి ఎలా మండుతుందో ఉన్నదున్నట్టు చూపించాలి. బాగుపడ్డాక ఆ సంగతి తక్కిన వాళ్ళకు చెప్పాలి."

అందరూ గుబురయ్య మొహం చూశారు. పెద్ద పొయ్యి వాడు ఏమంటే తామూ అదే అందామని. గుబురయ్య మాత్రం మూతి ముడుచుకుని ఇంటికి వచ్చేశాడు. తాత కట్టిన పొయ్యికి వంక పెట్టడమా?

నాలుగు రోజుల తరువాత రాణిగారి గోరింక వచ్చి వాలింది. దాని ముక్కున ఒక తడిమట్టి ఉండ. ఉండకు చిన్న కన్నం. ఆ కన్నంలోంచి ఒక చెదపురుగు తల బయటపెట్టింది.

"నమస్కారమండీ గుబురయ్యగారూ. నా పేరు ఇసుకమ్మ. మీ పొయ్యి చూసి రమ్మని రాణిగారు పంపారు."

గుబురయ్య పడీ పడీ నవ్వాడు. ఎందుకో తెలుసా పిల్లలూ? ఎలుగుబంట్లకు చెదపురుగులంటే మహా ఇష్టం. పుట్ట తవ్వి, మూతి పెట్టి, జుర్రున పీల్చేస్తాయి.

"నిన్న మధ్యాహ్నం మీ వాళ్ళనే భోంచేశాను. నువ్వా నాకు చెప్పేది? రాణిగారి మాట మీద వచ్చావు గనక వదిలేస్తున్నా. పో!" అన్నాడు.

ఇసుకమ్మ మట్టి ఉండలోకి వెనక్కి జరిగింది. అయినా గొంతు తగ్గించలేదు. "మళ్ళీ వస్తానండీ," అంది.

అన్నట్టే వారం తిరక్కుండా వచ్చింది. ఈలోపు గుబురయ్య చెవిలో ఎవరో ఒక మాట ఊదారు. వంక దొరికితే రాణిగారు పొయ్యి మూయిస్తారని. అందుకని అతను ముందే జాగ్రత్తపడ్డాడు. పగుళ్ళన్నీ మట్టితో మెత్తించాడు. పెనంలో ఒక్క కుండెడు రసం పోయించి, కింద నాలుగు ఎండుపుల్లలు అంటించాడు.

ఇసుకమ్మ పొయ్యి చుట్టూ తిరిగి చూసింది. "ఈ మట్టి ఇంకా పచ్చిగానే ఉందండీ," అంది.

"మాది శుభ్రమైన పొయ్యి. రోజూ అలుకుతాం," అన్నాడు గుబురయ్య.

"రోజూ ఇంత చిన్న మంటేనా?"

"ఇంతే."

ముత్తమ్మ తల దించుకుని, మాడిన మీసాలు చేత్తో కప్పుకుంది.

"సరేనండీ. చూసిందే చెప్పడం నా పని. ఈ పొయ్యికి సాయం అక్కర్లేదని రాణిగారికి చెబుతాను," అని ఇసుకమ్మ వెళ్ళిపోయింది. గుబురయ్య గెలిచానని సంబరపడ్డాడు. తక్కిన పదకొండు మందీ, పెద్ద పొయ్యి వాడే వద్దన్నాడని, తమ తలుపులూ మూసేసుకున్నారు.

ఎండాకాలం వచ్చింది. రాణిగారు పెట్టిన గడువు ఇంకొక్క రోజే ఉంది. ఈ ఒక్కరోజులో దొరికినన్ని కట్టెలు కొట్టి దాచుకుందామని గుబురయ్య గొడ్డలి భుజాన వేసుకుని వాగు దాటాడు. అక్కడా అంతా కొట్టేయగా మిగిలింది ఒకే ఒక్క పెద్ద తాండ్ర చెట్టు. నలుగురు చేతులు కలిపినా అందనంత మాను. గుబురయ్య ఒక్క వేటు వేశాడు.

పైన తొర్రలోంచి ఒక తల్లి చిలక గొంతు వినబడింది. "ఎవరయ్యా అది? పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. కాస్త ఆగవా?"

ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఆగిపోయింది. గుబురయ్య తలెత్తి ఆ చెట్టును కింది నుంచి పై దాకా చూశాడు. ఇంత మాను కావడానికి ఎన్నేళ్ళు పట్టిందో! వాళ్ళ తాత పుట్టక ముందే ఇది ఇక్కడ ఉండి ఉంటుంది. మరి తన పొయ్యికి? లెక్క వేసుకున్నాడు. రెండు రోజుల తిండి. అంతే. మూడో రోజు పొద్దున మళ్ళీ ఆకలి.

గొడ్డలి అక్కడే పడేసి, మండుటెండలో నడుచుకుంటూ ఇసుకమ్మ వాళ్ళ పుట్ట దగ్గరికి వెళ్ళాడు.

ఎలుగుబంటి అడుగుల చప్పుడు వినగానే పుట్టలో హాహాకారాలు లేచాయి.

"తినడానికి రాలేదు," అన్నాడు గుబురయ్య. "ఇసుకమ్మా, నీతో మాట్లాడాలి. ఆ రోజు నీకు దొంగమంట చూపించాను. నా పొయ్యి కొండనంతా తినేసింది. నాకేం చేయాలో తెలియడం లేదు."

ఇసుకమ్మ ఒక కన్నంలోంచి తొంగి చూసింది. తరువాత, "పైన ఆ గొట్టం దగ్గర మూతి పెట్టండి. పీల్చకండి మరి, ఊరికే పెట్టండి," అంది.

గుబురయ్య మూతి పెట్టాడు. వెచ్చటి గాలి ముక్కును తాకింది. ఆగకుండా వస్తూనే ఉంది, నిద్రపోయే బిడ్డ ఊపిరిలాగా.

"ఇప్పుడు కింద ఆ చిన్న కన్నం దగ్గర ఒక గడ్డిపోచ పెట్టండి."

పెట్టాడు. ఎవరో లోపలి నుంచి పట్టి లాగినట్టు గడ్డిపోచ లోపలికి వంగింది. పక్కనున్న బీటలో వేలు పెట్టి చూశాడు. బయట రాళ్ళు పేలే ఎండ. లోపల మాత్రం వాగులో రాయి కింద ఉన్నంత చల్లదనం!

"ఎవరు విసురుతున్నారు లోపల?" అన్నాడు గుసగుసగా.

"ఎవరూ విసరరండీ. వేడిగాలి తనంతట తనే పైకి పోతుంది. పోతూ పోతూ కింద నుంచి చల్లగాలిని లాక్కుంటుంది. దానికి దారి కట్టడమే మేం చేసేది. ఒక్కొక్క మట్టి రేణువూ తెచ్చి, లక్షల మందిమి కలిసి, ఎక్కడ ఇరుకు ఉండాలో అక్కడ ఇరుకు, ఎక్కడ వెడల్పు ఉండాలో అక్కడ వెడల్పు కడతాం."

గుబురయ్య వంగి, మళ్ళీ ఆ గొట్టం దగ్గర మూతి పెట్టాడు. గోరంత లేని ప్రాణులు గాలికి దారి చూపిస్తున్నాయి! తను ఇన్నేళ్ళలో ఎన్ని పుట్టలు పగలగొట్టాడో! ఒక్కదానిలోకీ చూసిన పాపాన పోలేదు.

"నా పొయ్యికి కూడా ఈ ఊపిరి నేర్పుతావా తల్లీ?" అన్నాడు. "ఉన్నదున్నట్టు చూపిస్తే నేర్పుతానండీ," అంది ఇసుకమ్మ.

మర్నాడు ఇసుకమ్మ ఎదుటే ముత్తమ్మ ఎప్పటిలాగే కట్టెలు ఎగదోసింది. ఇసుకమ్మ అంతా చూసింది, ఏదీ దాచకుండా రాణిగారికి చెప్పింది. రాణిగారు కోప్పడలేదు. వారం తిరిగేసరికి ఏనుగులు రాళ్ళు మోసుకొచ్చాయి. తన వంతు రాయి, మట్టి గుబురయ్య తెచ్చాడు. తాత కట్టిన గోడలో మొదటి రాయి అతనే స్వయంగా తీశాడు.

పొయ్యి నోరు చిన్నది చేసి మూత పెట్టారు. నిప్పు కింద గాలి వచ్చే సందు వదిలారు. పొగ పోయే దారిని పొడుగ్గా కట్టి, దాని మీద ఇంకో రెండు పెనాలు కూర్చోబెట్టి, చివర పుట్ట మీదున్నట్టే ఎత్తైన గొట్టం నిలబెట్టారు.

కోతలు వచ్చాయి. పొయ్యి వెలిగించే రోజు వచ్చింది. ఈసారి కట్టెలు లేవు. రసం తీసేశాక మిగిలిన చెరకు పిప్పినే ఎండబెట్టి వేశారు. ముత్తమ్మ నిప్పంటించి, అలవాటు కొద్దీ చటుక్కున వెనక్కి దూకింది.

మంట బయటికి రాలేదు.

తరువాత పొయ్యి లోపల హోరు మొదలైంది, దూరాన జలపాతం దూకుతున్నట్టు. మంట పెనం కింద బారుగా సాగి లోపలికి పరుగెత్తింది. పెద్ద పెనం మరిగింది. ఆ పక్కనే, కింద ఒక్క పుల్లయినా పెట్టని రెండో పెనం పొగలు కక్కింది! కాసేపటికి మూడోదీ కాగింది. పైన గొట్టంలోంచి పొగ సన్నగా, తెల్లగా, దారపు పోగులా లేచింది. గానుగ తిప్పే దున్నలు తిప్పడం మరిచిపోయి నిలబడిపోయాయి. సాయంత్రం చూస్తే, వండాల్సిన బెల్లమంతా వండాక కూడా పిప్పి ఇంకా కుప్పగా మిగిలి ఉంది.

గుబురయ్య ఆ కుప్ప చుట్టూ తిరిగి చూశాడు. ఇంత బలం ఇన్నాళ్ళూ ఈ పొయ్యిలోనే ఉందా! తనే దాన్ని గాలిపాలు చేశాడా!

కొన్నాళ్ళకు రాణి సభ పెట్టింది. పొయ్యిల వాళ్ళంతా వచ్చారు. గుబురయ్య లేచి నిలబడ్డాడు. తన బెల్లం గొప్ప చెబుతాడనుకున్నారు అందరూ.

"సాయం నా గుమ్మంలోకి రెండుసార్లు వచ్చింది," అన్నాడు గుబురయ్య. "ఒకసారి నవ్వి పంపేశాను. రెండోసారి అబద్ధం చూపించి పంపేశాను. నా వెనక మీరూ తలుపులు మూసుకున్నారు. ఆ తప్పు నాది. ఇకనైనా తెరవండి."

అడవిపంది కోరయ్య లేచి నిలబడ్డాడు.

"ఇసుకమ్మ గారూ, నా పొయ్యి వెనకగోడ పగిలి మూడేళ్ళయింది," అన్నాడు. "ఎప్పుడొస్తారు?"

నీతి: లోపం దాచుకున్న వాడికి రాణి సాయం కూడా అందదు, దాన్ని విప్పి చూపిన వాడికి చెదపురుగైనా దారి చూపిస్తుంది.