నీలినీళ్ళు ఏ పేటవి?

అమరగిరి రాజ్యంలో పేటకొక పెద్దను జనమే ఎన్నుకుని కొలువుకు పంపేవారు. అద్దకంవాళ్ళ పేట పెద్ద ప్రతిసారీ పన్నుల సంగతి ఎత్తి మంత్రి గుండయామాత్యుణ్ణి నిలదీసేవాడు. ఒళ్ళు మండిన మంత్రి ఆ పేటను నాలుగు ముక్కలు చేసి, చుట్టూ ఉన్న నాలుగు షావుకార్ల పేటల్లో కలిపేశాడు; అందులో ఒకటి అతను ఉండే పేటే. ప్రతి పేటలోనూ అద్దకంవాళ్ళు కొద్దిమందే అయ్యారు కాబట్టి, ఇక ఎక్కడా వాళ్ళ మాట నెగ్గదు. కొత్త హద్దురాళ్ళు పాతించి, ఆ హద్దును ధిక్కరిస్తే చెయ్యి నరికిస్తానని చాటింపు కూడా వేయించాడు.

వారం తిరక్కుండానే అద్దకం పనిచేసే నాంచారమ్మను భటులు ధర్మాధికారి ముందుకు ఈడ్చుకొచ్చారు. ఆమె తొట్టిలోని నీలిరంగు నీళ్ళు మంత్రిగారి మల్లెతోటను ముంచేశాయి.

"హద్దు ధిక్కరించావా?" అన్నాడు ధర్మాధికారి. పక్కనే తలారి కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"లేదయ్యా, హద్దుకు కట్టుబడ్డాను. ఒక పేట మురుగు ఇంకో పేటలోకి పారకూడదని మన చట్టం. మా పాత కాలవ ఇప్పుడు పక్క పేటకి పోయింది. నా ఇల్లేమో మంత్రిగారి పేటలో పడింది. అందుకే నీళ్ళు నా పేటలోనే వదిలాను. ఇక్కడ పల్లం మంత్రిగారి తోటే."

మంత్రి ఊగిపోతూ లేచాడు. "అద్దకంవాళ్ళకీ మా పేటకీ ఏం సంబంధం?"

నాంచారమ్మ నీలిచేతులు జోడించింది.

"మేమూ అదే మొత్తుకుంటున్నామయ్యా."

ధర్మాధికారి తలారి వైపు తిరిగాడు.

"ఆ కత్తి అక్కడ పెట్టి గడ్డపార తీసుకో. మంత్రిగారే సంబంధం లేదన్నాక, ఇంకా ఆ హద్దురాళ్ళెందుకు?"