పదిహేడో నంబరు సీసా

ఇందుమతిని ఇంట్లోవాళ్లు, హాస్టల్లోవాళ్లు, ఆఖరికి బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కూడా అడిగే ప్రశ్న ఒకటే. "ఇంతకీ నువ్వు చదివేది ఏం చదువమ్మా?"

చెప్పడం కష్టమే. ఆమెది రెండు చదువులు కలిపిన కోర్సు. ఒకటి ఫార్మ్‌డీ. ఆసుపత్రిలో రోగి పక్కన నిలబడి ఏ మందు ఎంత వాడాలో, ఎలా వాడాలో చూసే చదువు. రెండోది పీహెచ్‌డీ. ఆ మందు ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుందో శోధించే చదువు. పొద్దున వార్డు, మధ్యాహ్నం ల్యాబు. వార్డుకో తెల్లకోటు, ల్యాబుకో తెల్లకోటు. వార్డు సంగతులకి ఎర్రట్ట పుస్తకం, పరిశోధనకి నీలం అట్ట పుస్తకం. దీని మాట దాంట్లో పడకుండా ఆమె పాటించే మడి చూస్తే ఏ మామ్మగారైనా మెచ్చుకుని తీరాలి.

అయినా లోపల ఏదో తొలుస్తూనే ఉండేది. ఒకరోజు గురువుగారినే అడిగేసింది.

"సార్, రెండు పడవల మీద కాళ్లు పెట్టానంటున్నారు అందరూ. నేను మందులిచ్చే మనిషినా, మందుల్ని పరిశోధించే మనిషినా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి."

ప్రొఫెసర్ మస్తానయ్య గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. తీరిగ్గా తుడిచి, పెట్టుకుని, ఆమె వైపు చూసి, "టీ తాగావా?" అన్నారు.

అంతే జవాబు.

ఆయన ధోరణే అంత. అదే ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి, చదువుకుంటూ చదువుకుంటూ ప్రొఫెసరైన మనిషి. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఓ గంటసేపు మందులిచ్చే కిటికీ వెనక కూర్చుంటారు. ఆయన దగ్గర పరిశోధన చేసేవాళ్లకి ఒక నియమం ఉంది. లెక్కల్లోంచి ఏ రోగినైనా తీసేయాలనుకుంటే, ముందు ఆ రోగికి ఒక పూట మందు తమ చేత్తో ఇచ్చి రావాలి. ఎందుకని అడిగితే చెప్పరు. విద్యార్థులు దానికి 'వీడ్కోలు మోతాదు' అని పేరు పెట్టుకుని చాటుగా నవ్వుకునేవాళ్లు. ఇందుమతి కూడా నవ్వింది.

ఆమె పరిశోధన మూర్ఛ మందు మీద. ఇరవై నలుగురు రోగులు. వాళ్ల రక్తంలో మందు ఎంత ఉందో పది రోజులకోసారి కొలిచి గీత గీయాలి. ఇరవై మూడు గీతలు బుద్ధిగా ఉన్నాయి. పదిహేడో నంబరు గీత మాత్రం లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. మిగతా వాళ్లందరి కష్టాన్నీ అదొక్కటే పాడుచేస్తోందని ఇందుమతికి ఒళ్లు మండేది.

"పదిహేడు ఎవరు?" అన్నారు మస్తానయ్య గారు, కాగితం మీదికి వంగి.

"వెన్నెల అని ఎనిమిదేళ్ల పాప సార్. ఒకసారి కొలిస్తే మందు మరీ తక్కువ, ఇంకోసారి మరీ ఎక్కువ."

"మోతాదు మారిందా?"

"లేదు సార్. తల్లే సరిగ్గా ఇవ్వడం లేదు. అడిగితే రోజూ ఇస్తున్నానంటుంది. నాలుగురోజులు మానేసి, పరీక్ష ముందు ఎక్కువెక్కువ పోస్తోందేమో. తీసేస్తాను సార్."

నీలం పుస్తకంలో 'మందు సరిగా వాడనివారు' అనే శీర్షిక కింద పదిహేడు అని అప్పటికే రాసేసింది కూడా.

"పాప ఎలా ఉంది?"

"నిన్న బడిలో ఫిట్స్ వచ్చి పడిపోయిందట. నుదుటికి కుట్లు వేశారు. ఇప్పుడు మన వార్డులోనే ఉంది. రేపట్నుంచి మోతాదు ఒకటిన్నర రెట్లు చేస్తామన్నారు డాక్టర్ గారు."

మస్తానయ్య గారు ఆ గీతనే చూస్తూ కూర్చున్నారు. చిన్నపిల్లలు చీమల బారును చూసినట్టు, ఎక్కడ్నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో కనిపెట్టాలని చూస్తున్నారు.

"తీసేద్దువుగానిలే. నియమం తెలుసుగా," అని లేచారు. ఆశ్చర్యంగా, ఆయనా వెంట వచ్చారు.

వార్డులో పాప పడుకుని ఉంది. తల్లి సుంకమ్మ మంచం పట్టీ మీద కూర్చుని ఉంది. వీళ్లని చూడగానే లేచి నిలబడింది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన మందు సీసా మంచం పక్కన బల్ల మీద ఉంది. దాని మీద ఇందుమతి అంటించిన తెల్ల కాగితం, నల్లటి పెద్ద అంకెల్లో పదిహేడు. పరిశోధనలో ఉన్న అందరి మందులకీ ఆమె అలాగే నంబరు అంటిస్తుంది. మిగతా అందరివీ మాత్రల పెట్టెలు. మాత్ర మింగలేని పాప కాబట్టి వెన్నెల ఒక్కదానికే సీసా.

"ఇంట్లో ఈ సీసా ఎక్కడ పెడతావమ్మా?" అనడిగారు మస్తానయ్య గారు.

"దేవుని పటాల పక్కన గూడుంది సార్, దాంట్లో పెడ్తా. ఎవ్వురినీ ముట్టుకోనీను."

"ఎలా ఇస్తావు?"

"పొద్దున, మాపున. ఈ మూతలో గీత కాడికి పోసి, కండ్ల ఎత్తున పట్టుకొని చూసి ఇస్తా. ఒక్క పూట గూడా తప్పలేదు సార్. మా పిల్లోల్ల మింద ఒట్టు."

ఇందుమతి చూపు తిప్పేసుకుంది. ఎంత బాగా వల్లించింది అనుకుంది.

"ఈ పూట మందు మా అమ్మాయి ఇస్తుంది," అన్నారాయన, ఓ స్టూలు లాక్కుని కూర్చుంటూ.

ఇందుమతి సీసా అందుకుంది. మూత బిగించి ఉందో లేదో చూసింది. ఆ తర్వాత ఆమె చెయ్యి, ఏళ్ల తరబడి వార్డులో చేసినట్టే, ఆలోచన అక్కర్లేకుండా సీసాను గట్టిగా కుదిపింది.

సుంకమ్మ ఒక్క ఉదుటున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"అయ్యో మేడం! కుదుపుతాండారేంది? నెంబరేసిన మందు కదా! కదిలిస్తే మీ పరీచ్చ చెడిపోతాదని, నేను మూన్నెల్లుగా నిండుకుండ దించినట్టు దించుతాండా గూట్లోనుంచి!"

"కుదపాలమ్మా," అంది ఇందుమతి, కాస్త విసుగ్గానే. "ఇది నీళ్లలో కరిగే మందు కాదు. కదపకుండా ఉంచితే అసలు మందంతా అడుక్కి దిగిపోతుంది. పైనుంచి పోస్తే ఉత్త తీపినీళ్లు..."

అక్కడ ఆగిపోయింది.

కొత్త సీసా మొదలుపెట్టిన రోజుల్లో తీపినీళ్లు. సీసా అడుక్కొచ్చిన రోజుల్లో చిక్కటి మందు. గీత పడటం, లేవడం, పడటం. మోతాదు పెంచితే, సీసా అడుగు చేరేసరికి ఈ పాప ఏమయ్యేది?

"సీసా మీద రాసి లేదా అమ్మా?" మస్తానయ్య గారు అడిగింది సుంకమ్మని.

"యాడుంది సార్? నేను పదో తరగతి దాంక సదివినా. సీసా మింద ఉండేదంతా సదివినా. మీరు సూడండి కావాలంటే."

ఆయన సీసా తీసుకుని చూడలేదు. ఇందుమతి చేతిలోని సీసా వైపు చూసి, తన బొటనవేలి గోటిని చూపుడువేలి మీద మెల్లగా గీరి చూపించారు.

ఇందుమతి ఆ తెల్ల కాగితం అంచు గోటితో లేపింది. బాగా అతుక్కుపోయింది. తనే నీట్‌గా, ముడతలు లేకుండా, నున్నటి చోటు చూసుకుని అంటించింది. కొంచెం కొంచెంగా వచ్చింది. దాని కింద, మందులిచ్చే కిటికీలో ప్రతి సీసాకీ అంటించే తెలుగు చీటీ. ఎర్రటి అక్షరాలు.

'వాడే ముందు సీసాను బాగా కుదపాలి.'

సుంకమ్మ వంగి చదివింది. ఇంకోసారి చదివింది. ఆమెకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేదని ఇందుమతికి అనిపించింది.

"అంటే మేడం... బిడ్డ పడిపోయినప్పుడల్లా నేనేం తప్పు చేస్తాండానో, ఏ పూట మర్సిపోయినానో అని ఏడ్సుకుంటా ఉంటి. నేను మర్సిపోలేదు కదా?"

"లేదమ్మా," అంది ఇందుమతి. మళ్లీ అంది. "లేదు. నువ్వు ఒక్క పూట కూడా తప్పలేదు. తప్పు నాది. ఆ కాగితం అంటించింది నేనే. నువ్వు మందు సరిగ్గా ఇవ్వడం లేదని పుస్తకంలో రాసింది కూడా నేనే. నన్ను క్షమించు."

ఆమె అక్కణ్నుంచి డాక్టర్ గారి గదికి దాదాపు పరుగెత్తింది. జరిగింది ఏదీ దాచకుండా చెప్పింది. చీవాట్లు తింది. రేపటి మోతాదు పెంపు ఆగింది. పాత మోతాదే, సీసా కుదిపి ఇచ్చి, పది రోజుల తర్వాత మళ్లీ రక్తం చూద్దామన్నారు డాక్టర్ గారు.

తిరిగొచ్చేసరికి మస్తానయ్య గారు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. తెరిచిన తలుపులోంచి వార్డు కనిపిస్తోంది. వెన్నెల మంచం మీద లేచి కూర్చుని, సీసాను రెండు చేతులా పట్టుకుని కుదుపుతోంది. తల్లి పది దాకా లెక్కపెడుతోంది.

ఇందుమతి సంచీలోంచి నీలం పుస్తకం తీసి, ఆ శీర్షిక కింద రాసిన పదిహేడుని కొట్టేసింది. తర్వాత ఎర్ర పుస్తకం కూడా తీసింది. రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"సార్, ఈ సంగతి ఏ పుస్తకంలో రాయను?"

మస్తానయ్య గారు వార్డు వైపే చూస్తూ అన్నారు.

"కుదిపిన చెయ్యి నీదే. అంటించిన చెయ్యీ నీదే."