శాసనం ఎక్కలేని అటక

వల్లభరాజు ఏలుబడిలో ఒక శాసనం ఉండేది. ఎవరు కొత్త పనిముట్టు చేసినా అది కోటకే చెందాలి. వడ్రంగి కోటాచారి తండ్రి ఒక్క ఎద్దుతోనే బావి నీళ్లు తోడే కొత్త మోట చేస్తే, భటులు వచ్చి ఆ పొద్దే పట్టుకుపోయారు. అది మొదలు వడ్రంగుల వీధిలోంచి పాత నాగళ్లు తప్ప మరొకటి బయటికి రాలేదు.

పొరుగు రాజ్యం పంటలు చూసి రాజుకు ఒళ్లు మండింది. కోటాచారిని పిలిపించి, "వచ్చే పున్నమికి కొత్త రకం నాగలి తేకపోయావో, వీపు చిట్లుతుంది" అన్నాడు.

పున్నమినాడు కోటాచారి గుడ్డ కప్పిన నాగలి మోసుకొచ్చాడు. రాజు ఆత్రంగా గుడ్డ లాగాడు. కింద ఉన్నది తాతలనాటి నాగలే!

"కొత్తది ఏదిరా?"

"నా తలలో ఉంది మహాప్రభూ. చేసి చూపిస్తే కోటదవుతుంది. తలలో ఉన్నంతకాలం నాది."

"ఆ తల తీయించగలను, తెలుసా?"

"తీయించండి ప్రభూ. తల మీ చేతికొస్తుంది, నాగలి రాదు."

రాజు ఆ పాత నాగలి మీద తానే మళ్లీ గుడ్డ కప్పి, కోటాచారిని ఇంటికి పంపేశాడు. మర్నాడు పాత శాసనం కొట్టేసి, చేసినవాడిదే వస్తువని దండోరా వేయించాడు.

దండోరా వినగానే వడ్రంగుల వీధిలో ఇంటింటా నిచ్చెనలు లేచాయి. అటకల మీంచి దుమ్ముపట్టిన కొత్త పనిముట్లు ఒక్కొక్కటే దిగాయి. అన్నిటికన్నా ముందు దిగింది కోటాచారి నాగలి.

చూడవచ్చిన రాజు, "తలలో ఉందన్నావు కదయ్యా?" అన్నాడు మెల్లగా.

"అటక మీద ఉందంటే నిన్ననే మీ భటులు నిచ్చెన వేసేవారు ప్రభూ."