గీకేసిన ముద్ర

ఆ రాజ్యంలో ఏనుగులూ ఉండేవి, ఫోన్లూ ఉండేవి. రాజముద్ర ఉన్న ఫోన్‌ని కార్ఖానా వాళ్లు తప్ప ఎవరు విప్పినా కొరడా దెబ్బలే.

ఉప్పమ్ముకునే పైడమ్మ ఫోన్‌లో పోయిన మొగుడి గొంతు ఉంది. అప్‌డేట్లు ఆగిపోయాక అది తెరుచుకోవడం మానేసింది. ఆమె రాజుగారి దగ్గర మొరపెట్టుకుంది.

"అది పాతది. దానితో మాకిక సంబంధం లేదు. కొత్తది కొనుక్కో," అన్నాడు కార్ఖానా అధికారి.

"పదేళ్లుగా మీ ముద్ర ఉన్న ఫోన్ తప్ప ఇంకోటి ముట్టలేదు దొరా. సంబంధం లేదంటే ఆ ముద్ర గీకెయ్యండి. మా వీధి కంసాలి విప్పుకుంటాడు."

రాజు నవ్వి, ముద్ర గీకించాడు.

సాయంత్రానికి ఫోన్ పలికింది. "పైడీ, అన్నం తిన్నావా?"

పైడమ్మ కళ్లు తుడుచుకుంది. వేలు మాత్రం ముద్ర ఉండిన చోటునే తడుముతోంది.